ఆదివారం తాడు మీద ఎర్ర లాగు

మినియాపొలిస్, ఆసుపత్రి మగవాళ్ళ వార్డు
6 జూలై 1949

అక్కా టిల్లీ,

బతికే ఉన్నాను. ఈ ముక్క ముందే రాస్తున్నాను. ఎందుకంటే మన ఆల్టెన్‌బర్గ్‌లో ఈపాటికి నాకు దినాలు కూడా పెట్టేసి ఉంటారని తెలుసు. కాలికి తుంటి దాకా పిండికట్టు వేసి, కప్పీకి తగిలించి పైకి లాగారు. మాంసం కొట్లో వేలాడే పందికాలుకీ నా కాలుకీ ఒకటే తేడా. దాన్ని ఎవరైనా కొంటారు.

నేను తాగి పడలేదు. ఊళ్ళో అలా అనుకుంటున్నారని విన్నాను. బేస్‌బాల్ ఆటలో మనవాడు మూడో బేస్‌కి శుభ్రంగా చేరాడు. ఆ గుడ్డి అంపైర్ ఔటన్నాడు. వాడి కళ్ళు ఎక్కడ తాకట్టు పెట్టాడో దగ్గరికెళ్ళి అడుగుదామని వలకంచె ఎక్కాను. వల తెగింది. ఇందులో తప్పు వలది.

ఇక్కడ అగాథా అని ఒక నర్సు ఉంది. పాతికేళ్ళుంటాయేమో. వార్డు ఆ చివర నడుస్తుంటే అప్సరసే అనుకో. దురదృష్టం, ఆవిడ ఆ చివరి మంచాలే చూస్తుంది. నాకు మీసాలున్న మగ నర్సు దొరికాడు.

సరే, అసలు సంగతి. ఆగస్టు 28న పక్క ఊరు లిండ్‌హోమ్ వాళ్ళతో ఆఖరి ఆట. దానికి నగరంలోని పెద్ద క్లబ్బు నుంచి ఆటగాళ్ళని ఏరుకునే మనిషి వస్తున్నాడు, మన నార్బర్ట్‌ని చూడ్డానికి. సూటి బంతి వేస్తే నా కొడుకు ఎవడినైనా చితక్కొడతాడు. వంకర బంతి వస్తే మాత్రం దోమలు తోలుతున్నట్టు కర్ర ఊపుతాడు. ఆ రోజు ఆ మనిషి కంట్లో పడకపోతే వాడి బతుకంతా వెన్న కేంద్రంలో పాలడబ్బాలు మొయ్యడమే, నాలాగా.

అందుకని పడుకుని ఆలోచించాను. మైదానం చివర, నడిమి కంచె అవతల నీ పెరడు. కర్ర పట్టుకుని నిలబడ్డవాడికి నీ బట్టల తాడు సూటిగా ఎదురుగా ఉంటుంది. ఏ బంతి వెయ్యాలో వాళ్ళ జట్టులో వెనక కూర్చుని బంతి పట్టేవాడు వేళ్ళతో చెబుతాడు. ఒక వేలు సూటి బంతి, రెండు వేళ్ళు వంకర బంతి. బావ బాతుల వేటకి వాడిన దుర్భిణి తీసి ఆ వేళ్ళు చూడు. సూటి బంతి అయితే నా ఎర్ర చలికాలపు లాగు తాడు మీద వెయ్యి. వంకరది అయితే తెల్ల దిండుగలీబు. అంతే. నార్బర్ట్‌కి వేరే కబురు పంపాను. పిల్లలాట.

ఎవరెవరు ఆడాలో నేను ఇక్కణ్ణించే రాసి పంపుతాను. నువ్వు కుర్రాళ్ళ ముందు చదువు. నా రాత నీకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

నీ తమ్ముడు, ఇంకా మన జట్టు మేనేజరు,
గస్

ఆల్టెన్‌బర్గ్
12 జూలై

ఒరే గస్,

కాలు విరిగిందన్నారు. తల కూడా ఒకసారి చూపించుకో.

ఆటలు ఏ రోజున ఆడతార్రా? ఆదివారం. మన ఊళ్ళో ఆదివారంనాడు తాడు మీద తడిగుడ్డ ఎప్పుడైనా చూశావా? సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ. నువ్వు పుట్టింది ఒక ఆదివారం. మర్నాడు అమ్మ నిన్ను బుట్టలో పడుకోబెట్టి ఉతుకు దగ్గరికి వెళ్ళింది. అలాంటి ఇంట్లో పుట్టి నాకు ఈ పని చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది?

అయినా చేశాను. నార్బర్ట్ కోసం. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి వాడు నా వంటింట్లో తిని పెరిగాడు.

ఒక బంతికి లాగు వెయ్యడం, తియ్యడం, ఇంకో బంతికి గలీబు వెయ్యడం, తియ్యడం, మధ్యలో దుర్భిణి ఎత్తడం. నడుం విరిగింది. అటు ఆట చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళంతా ఆట మానేసి నన్ను చూశారు. ఫాదర్ గెర్హార్డ్ కంచె దగ్గరికే వచ్చేశాడు.

"మటిల్డా, ఆదివారం పూట ఉతుకేమిటమ్మా?"

"ఉతకలేదు ఫాదర్. ఆరేస్తున్నానంతే."

"ఆ ఎర్రది ఇందాకట్నుంచి వేస్తున్నావు, తీస్తున్నావు. ఆరిందా, లేదా?"

"మందం గుడ్డ ఫాదర్."

"అది ఆడవాళ్ళది కాదు కదా?" అన్నాడు. నా మొగుడు పోయి ఎనిమిదేళ్ళయిందని ఆయనకు తెలుసు. నీదని చెబితే నమ్మినట్టు తల ఊపాడు గానీ నమ్మలేదు. ఊళ్ళో ఇప్పుడు ఆ లాగు ఎవరిదని చెవులు కొరుక్కుంటున్నారు. నా ఇంట్లో దిగిన మగ్వైర్‌దే అంటున్నారట. బంతి విసరడానికి నగరం నుంచి కిరాయికి తెచ్చావే, ఆ మనిషి. వాడు విసిరే బంతికొక గుడ్డు చొప్పున తింటున్నాడు. వాడితో నాకు సరసమట!

ఇంత చేస్తే నార్బర్ట్ ఒక్క బంతి కూడా తాకలేదు. వంకర బంతికి గలీబు జెండాలా దులిపాను. అయినా గాలినే కొట్టాడు. రాత్రి భోజనం దగ్గర అడిగాను: "తాడు చూశావట్రా?" అంటే వాడు, "ఏ తాడు అత్తా?" అన్నాడు.

వాడి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కాలు సంగతి చూసుకో.

టిల్లీ

మినియాపొలిస్
15 జూలై

బంగారం లాంటి అక్కా,

"ఏ తాడు అత్తా" అన్నాడా! చూశావా నా కొడుకు తెలివి! సొంత అత్త దగ్గర కూడా రహస్యం బయటపెట్టలేదు. నీ వంటింట్లో మగ్వైర్ కూర్చుని ఉంటాడు కదా. వాడు కిరాయి మనిషి, వచ్చే ఏడాది ఏ ఊరికి విసురుతాడో తెలీదు. కొత్త కాబట్టి మొదటి ఆటలో కంగారుపడి ఉంటాడు. మానకు. ఇప్పుడు దీనికి ఒక మెరుగు ఆలోచించాను. నెమ్మది బంతి ఒకటుంది, దానికి నీలం మేజోడు. ఒక్కటే మేజోడు. జత వేస్తే దానర్థం వేరు.

వంకర బంతి మన ఇంటికి అచ్చిరాలేదక్కా. నాన్న కొట్టలేకపోయాడు. నేను పద్నాలుగేళ్ళు ఆడాను. అది నడుముకి సూటిగా వచ్చినట్టే ఉంటుంది, కర్ర ఊపేసరికి మోకాలి దగ్గర ఉంటుంది. బంతి మీది ఎర్ర కుట్లు తిరగడం చూసి కనిపెడతామని కొందరు కోతలు కోస్తారు. అరవై అడుగుల దూరంలో కుట్లు కనిపిస్తాయా? గద్దలా వీళ్ళు? అందుకే నీ తాడు కావాలి.

లిండ్‌హోమ్ వాళ్ళని చూసి నవ్వుకోవాలి. వాళ్ళ మేనేజరు సుండిన్ కళ్ళ డాక్టరు కదా, జట్టులో సగం మందికి కళ్ళజోళ్ళు తగిలించాడు. బేస్‌బాల్ జట్టా, బడిపంతుళ్ళ సంఘమా? కళ్ళజోడు పెట్టుకున్నవాడు పుస్తకం చదువుకోవాలి, పద్దులు రాసుకోవాలి. నేను మేనేజరుగా ఉండగా మన జట్టులో కళ్ళజోడువాడు అడుగు పెట్టడు. నార్బర్ట్‌కి చిన్నప్పటినుంచీ ఇదే చెప్పాను.

అగాథా ఈరోజు గుమ్మంలోంచి చెయ్యి ఊపింది. నాకే అనుకుంటున్నాను.

గస్

ఆల్టెన్‌బర్గ్
26 జూలై

గస్,

కూర్చున్నావా? నీకు వేరే దారి లేదులే.

నార్బర్ట్ ఆదివారం బంతిని కంచె దాటించాడు. వంకర బంతినే. అది నా టొమాటో పాదుల్లో పడింది. జనం లేచి అరిచారు. మనవాళ్ళ ఆనవాయితీ ప్రకారం టోపీ తిప్పారు. అందులో చిల్లర, రెండు చొక్కా గుండీలు, ఒక సాసేజి ముక్క పడ్డాయి. ఫాదర్ గెర్హార్డ్ కూడా వేశాడు. వేసింది గుండీయా చిల్లరా అన్నది చూడలేదు. అంతకుముందు ఆటలో కూడా బాగానే కొట్టాడు. మళ్ళీ వంకర బంతినే.

తాడు గురించి నన్నేమీ అడగకు. పని జరుగుతోంది, అది చాలు.

ఒక్క మాట అడుగుతా, అరవకు. కళ్ళజోడు మీద నీకంత కక్ష ఎందుకురా? మనిషికి కాలు విరిగితే కర్ర ఇస్తారు. నీకూ ఇస్తారు రేపు. అప్పుడు నిన్ను ముసలాడంటే ఊరుకుంటావా?

నీ అగాథాకి పెళ్ళయిందో లేదో ముందు కనుక్కో.

టిల్లీ

మినియాపొలిస్
10 ఆగస్టు

మటిల్డా,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

మొన్న రొట్టెల కున్జ్ నన్ను చూడ్డానికి వచ్చాడు. నార్బర్ట్ ఎలా కొడుతున్నాడ్రా అంటే టోపీలో మొహం పెట్టుకుని దగ్గాడు. అది దగ్గు కాదు, నవ్వు. నేను వదల్లేదు. నా కాలు కప్పీకి కట్టేసి ఉన్నా వాడి చొక్కా అందింది. అప్పుడు కక్కాడు.

నీ తాడు మీద నాలుగు వారాలుగా ఆదివారం ఒక్క గుడ్డ లేదట! నార్బర్ట్ ప్రతి బుధవారం మధ్యాహ్నం లిండ్‌హోమ్ వెళ్తున్నాడట! పైగా సుండిన్ మన ఇంట్లో, నాన్న కూర్చున్న కుర్చీలో, బాతు తిన్నాడట! మిగతాది చెప్పనన్నాడు. ఒట్టేశాడట. ఎవరికి ఒట్టు? ఫాదర్‌కట!

నాకు అర్థమైంది. వచ్చే ఏడాదికి సుండిన్ నా కొడుకుని కొనేస్తున్నాడు. నువ్వు బాతు వండి బేరం కుదురుస్తున్నావు. నేను ఇక్కడ వేలాడుతుంటే!

నిజమేమిటో తిరుగు టపాలో రాయి.

ఆగస్ట్ బ్రాండెల్, మేనేజరు

ఆల్టెన్‌బర్గ్
16 ఆగస్టు

మేనేజరు గారికి,

బాతు తిన్నాడు. అవును. రెండోసారి పెట్టించుకున్నాడు కూడా. నీలా ఉప్పు ఎక్కువైందనలేదు.

నార్బర్ట్ లిండ్‌హోమ్ వెళ్తున్నాడు. అవును. ఎందుకో చెప్పనని వాడికి మాటిచ్చాను. ఆట అయ్యాక వాడే చెబుతాడు. అంతవరకు నువ్వు నన్ను నమ్మాలి. నా చేత ఆదివారం లాగు ఆరేయించినవాడివి, ఆ మాత్రం నమ్మలేవా?

ఎర్ర లాగు పెట్టెలో పెట్టేశాను. కలరా ఉండలు వేశాను.

టిల్లీ

మినియాపొలిస్
24 ఆగస్టు

మటిల్డా,

నువ్వు సుండిన్‌ని చేసుకుంటున్నావని అర్థమైంది. పెళ్ళికి పిలవకు. కుంటుకుంటూ రాను.

ఆదివారం ఆటకి జట్టు ఇది. బంతి విసరడం మగ్వైర్. మొదటి బేస్ క్లెమెంట్. మిగతావాళ్ళు మామూలే. నార్బర్ట్ బెంచీ మీద కూర్చుంటాడు. ఆట మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా. లిండ్‌హోమ్‌కి అమ్ముడుపోయినవాడు నా జట్టు చొక్కాతో ఆ పెద్ద క్లబ్బు మనిషి ముందు కొట్టనక్కర్లేదు. వాడి బతుకు పాడవుతుందంటావు. వాడే చేసుకున్నాడు.

దీన్ని మైదానంలో అందరి ముందూ నువ్వే చదవాలి. ఒక్క ముక్క మార్చకూడదు. నాన్న మీద ఒట్టు.

ఆ. బ్రాండెల్

ఆల్టెన్‌బర్గ్
29 ఆగస్టు

తమ్ముడూ,

ఈరోజు సోమవారం. ఉతుకు అయ్యాక, చేతులు తుడుచుకుని రాస్తున్నాను. నీ లాగుని పెట్టెలోంచి తీసి మళ్ళీ ఉతికాను. కలరా ఉండల వాసన. తాడు మీద న్యాయంగా ఆరుతోంది.

ముందు చేదు మాట. ఓడిపోయాం. ఒక్క పరుగుతో. ఉత్తరం పక్కన పెట్టి తిట్టాల్సినవాళ్ళని తిట్టుకుని, మళ్ళీ తీసుకో.

ఇప్పుడు నిజం. నార్బర్ట్‌కి దూరం చూపు లేదు. "ఏ తాడు అత్తా" అన్నాడు చూడు, అది తెలివి కాదురా, వాడికి తాడు కనిపించలేదు. ఆ రాత్రే పెరట్లోకి తీసుకెళ్ళి, చంద్రుణ్ణి చూపించి ఎలా ఉన్నాడురా అన్నాను. "వెన్న ముద్దలా, అంచులు కరిగి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్ళు నా చేతి కూడు తిన్నాడు, నేను కనిపెట్టలేదు.

"నాన్నకి మాత్రం చెప్పకత్తా. కళ్ళజోడు పెడితే జట్టులోంచి తోసేస్తాడు, తలెత్తుకోలేనంటాడు" అన్నాడు. చుట్టుపక్కల కళ్ళ డాక్టరు ఒక్కడే, సుండిన్. బుధవారం మధ్యాహ్నం కొట్లన్నీ మూస్తారు కదా, అప్పుడు వెళ్ళి చూపించుకున్నాడు. అద్దాలు రెండుసార్లు మార్చాల్సి వచ్చింది, అందుకే అన్ని బుధవారాలు. కళ్ళజోడు పెట్టుకుని వాడు మొట్టమొదట చేసిన పని ఏమిటో తెలుసా? వీధి అవతల గోడమీద ప్రకటన గట్టిగా చదివాడట. జుట్టు రాలకుండా చేసే నూనెది.

సుండిన్‌ని నేనే అడిగాను, "మీ జట్టు మీద కొట్టేవాడికి మీరే కళ్ళిస్తున్నారేమిటి?" అని. "కనపడనివాణ్ణి ఓడిస్తే నేను ఇంట్లో ఏమని చెప్పుకోనండీ?" అన్నాడు. ఆ మాటకే బాతు వండాను. ఆయనకి బతికున్న భార్య ఉంది. మంచి లావు మనిషి. ఆవిడా వచ్చింది, ఆవిడా తింది. కున్జ్ అది చెప్పడం మరిచాడు.

కళ్ళజోడుతో వాడు మైదానంలోకి వస్తే ఊరంతా చూసింది. నీకు తెలిస్తే ఆట ఆపేస్తావని ఫాదర్ గెర్హార్డ్ అందరి చేతా నోరు మూయించాడు. ఇంత పెద్ద రహస్యం దాచిన ఊరిని నేనెప్పుడూ చూడలేదు. పాపం కున్జ్ ఒక్కడికే కక్కు వచ్చింది.

శనివారం నీ ఉత్తరం అందింది. రాత్రంతా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నీకు నిజం రాస్తే సోమవారం గానీ చేరదు. నాన్న మీద ఒట్టు పెట్టావు. మైదానంలో అందరూ చుట్టూ నిలబడ్డారు. నార్బర్ట్ కళ్ళజోడు తుడిచిందే తుడుస్తున్నాడు. చదివాను: "విసరడం మగ్వైర్. మొదటి బేస్ నార్బర్ట్. నాలుగో వంతున కొట్టాలి."

ఫాదర్ ఉత్తరం తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కోడి కెలికినట్టుంటుంది నీ రాత, ఆయనకేం తెలుస్తుంది? "ఇందులో నార్బర్ట్ పేరు ఉందా మటిల్డా?" అన్నాడు. "ఉంది ఫాదర్" అన్నాను. ఉంది కదా! బెంచీ దగ్గర ఉంది. ఆదివారం, జనం మధ్య, ఫాదర్ ముందు, చచ్చిన తండ్రి మీది ఒట్టు తప్పి అబద్ధం చదివాను. దీని ముందు ఉతుకెంత?

మొదటిసారి గాలినే కొట్టాడు. రెండోసారి వంకర బంతిని ఎడమ కంచెకి కొట్టాడు, మనవాళ్ళిద్దరు చుట్టు తిరిగొచ్చి రెండు పరుగులు చేశారు. మూడోసారి ఇంకోటి తగిలింది. ఆఖర్న సమం చెయ్యడానికి ఒక్క పరుగు చాలు. వాడే వచ్చాడు. కొట్టిన దెబ్బకి బంతి కంచె దాటిందనే అనుకున్నాం. కుడివైపున కాపు కాసిన వాళ్ళ కుర్రాడు ఎగిరి పట్టేశాడు. వాడికీ కళ్ళజోడే. సుండిన్‌ది.

పెద్ద క్లబ్బు మనిషి ఫాదర్ దగ్గరికి వచ్చి, "ఆ కళ్ళజోడు కుర్రాణ్ణి వసంతంలో నా దగ్గరికి పంపండి" అన్నాడు. "ఏ కళ్ళజోడండీ?" అన్నాడు ఫాదర్, లిండ్‌హోమ్ వాళ్ళలో సగం మందికి అవే కదా. "పొడుగువాడు. మొదటి బేస్" అన్నాడు ఆయన. అప్పుడు మగ్వైర్ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఇంక ఊరు ఏమనుకుంటే అనుకోనీ.

ఎడమ కంచెకి కొట్టిన ఆ బంతిని నార్బర్ట్ నీకు పంపమన్నాడు. కున్జ్ చేత పంపుతున్నాను. వాడి చొక్కా పట్టుకోకు. నార్బర్ట్ తనే వద్దామనుకున్నాడు. కళ్ళజోడు తీసి రావాలా, పెట్టుకుని రావాలా అని నన్ను అడిగాడు. ఏం చెప్పను?

టిల్లీ

మినియాపొలిస్
2 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి అరిచాను. వార్డు వార్డంతా లేచింది. ఓడినందుకు కాదు. నా వంశంలో కళ్ళజోడా అని.

పక్క మంచం మీద ఒక ముసలి మంగలి ఉన్నాడు, వాడికి సీసా అడుగుల్లాంటి అద్దాలున్నాయి. "మా వాడు ఇలా కొడతాడట చూడండ్రా" అని వాడి కళ్ళజోడు లాక్కుని పెట్టుకుని, చేతికర్ర ఊపాను. అందర్నీ నవ్విద్దామని. నవ్వారు. అప్పుడే గుమ్మంలోంచి అగాథా వచ్చింది.

అక్కా, ఆవిడ నీకంటే పెద్దది. పళ్ళు లేవు. ఆవిడ చెయ్యి ఊపుతున్నది నాకు కాదు, ఈగల్ని తోలుకుంటోంది.

కళ్ళజోడు తీశాను. అప్సరస. పెట్టాను. పళ్ళు లేవు. నవ్వుతున్నవాళ్ళంతా ఆగిపోయారు, నా మొహం చూసి. కున్జ్ తెచ్చిన బంతిని కున్జ్ చేతికే ఇచ్చి వార్డు ఆ చివరికి వెళ్ళి వేలి మీద తిప్పమన్నాను. వాడు తిప్పాడు.

కుట్లు కనిపించాయి. ఎర్రగా, తిరుగుతూ. వాళ్ళు కోతలు కొయ్యలేదు.

పద్నాలుగేళ్ళు ఆడాను. చేతకానివాణ్ణనుకున్నాను. నాన్నా అలాగే అనుకుని పోయాడు. ఇరవయ్యేళ్ళు అంపైర్లందర్నీ గుడ్డివాళ్ళని తిట్టాను, ఒకణ్ణి తిట్టడానికి వల ఎక్కి కాలు విరగ్గొట్టుకున్నాను. వాడు మూడో బేస్ దగ్గర అన్నది బహుశా సరే అయ్యుంటుంది. ఈ మాట ఊళ్ళో అనకు. నేనింకా మేనేజర్ని.

నీ అబద్ధం నాన్న క్షమిస్తాడు. ఆయనకీ ఆ కుట్లు కనిపించలేదు.

నార్బర్ట్‌ని కళ్ళజోడు పెట్టుకునే రమ్మను. ఎలా ఉన్నాడో చూడాలి. నా కొడుకుని చెయ్యి చాచే దూరంలో తప్ప నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు.

సుండిన్‌ని అడుగు, బుధవారం నాక్కూడా ఖాళీ ఉందేమో.

నీ తమ్ముడు,
గస్